పావు మెలిక

ప్రేమ్‌సింగ్ షెడ్డులో కారు ముందరి చక్రం ఊడదీసి గోడకు ఆనించి ఉంది. దాన్ని చూడగానే విమలమ్మ చేతిలో సద్దిగిన్నెతో రోడ్డు మీదే నిలబడిపోయి, “అయ్యో! ఏడ గుద్దిండు? పిల్లగాడేడి?” అని కేకేసింది.

కారు కింద నుంచి ముందు రెండు కాళ్లు, తర్వాత నడుము, చివరికి మసి అంటిన ముఖం బయటికి వచ్చాయి.

“ఎవ్వలు ఎవ్వల్ని గుద్దలేదమ్మా. బెల్టు మారుస్తున్న. చక్రం తీస్తేనే చెయ్యి పోతది లోపలికి,” అన్నాడు ప్రేమ్‌సింగ్.

షెడ్డు వెనక నుంచి నరేందర్ నవ్వుకుంటూ వచ్చాడు. “విన్నవా అన్నా? చక్రం కనవడ్డా నేనే పోయిన, అంబులెన్సు కూత వినవడ్డా నేనే పోయిన. దినాం పదిసార్లు సంపుతది నన్ను మా అమ్మ.”

“నీ నోట్లె మన్ను వడ. అట్ల అనకురా!” అని విమలమ్మ కొడుకు భుజం మీద ఒక్కటేసింది. వేసిన చెయ్యి వెంటనే తియ్యలేదు. చొక్కా మీంచే ఎముకను తడిమి చూసుకుంది.

ఇంట్లో ఉండేది తల్లీ కొడుకూ ఇద్దరే. పొద్దున్నే పేపరు రాగానే ఆమె జిల్లా పేజీ తీసి, రోడ్డు ప్రమాదాల వార్తల కింద వేలు పెట్టి చదువుతుంది. ఏడో తరగతి దాకా చదివిన చదువు ఆమెకు ఎక్కువగా అందుకే పనికొచ్చింది. పిట్లం దగ్గర లారీ, నాగిరెడ్డిపేట మలుపులో ఆటో. ఊరి పేరు, బండి రంగు, డ్రైవరు వయసు. అన్నీ చదివి, కొడుకు మంచంలో కదులుతున్నాడో లేదో చూసి, అప్పుడు పొయ్యి అంటిస్తుంది.

కారు నరేందర్‌ది కాదు, విమలమ్మ బావగారు బాలయ్యది. ఎల్లారెడ్డిలో కామారెడ్డి రోడ్డు మీద ఈ షెడ్డు వేసుకున్న జాగా కూడా బాలయ్యదే. నరేందర్ రెండేళ్లుగా ఆ కారు నడుపుతున్నాడు. శనివారం బాలయ్య బిడ్డ మానసను ఎంట్రెన్స్ పరీక్షకు కామారెడ్డి తీసుకుపోవాలి. నిమిషం ఆలస్యమైనా గేటు మూస్తారట. అందుకే బాలయ్య రెండు రోజుల ముందే బండిని షెడ్డుకు పంపి, “కొత్త బెల్టు ఎయ్యి. తొవ్వల ఆగిందంటే మాత్రం ఊకోను” అని ప్రేమ్‌సింగ్‌కు చెప్పి పెట్టాడు.

ప్రేమ్‌సింగ్ పాత బెల్టును తెచ్చి విమలమ్మ ముందు వంచి చూపించాడు. వెడల్పాటి నల్లపట్టీ, లోపలి వైపంతా వరసగా పళ్లు. వంచిన చోట పన్ను పన్నుకూ మధ్య సన్నని పగుళ్లు నోళ్లు తెరిచాయి.

“గీ రబ్బరు పట్టీ తెగితే ఏమైతది బిడ్డా?”

“తెగినా, ఒక్క పన్ను జారినా, ఇంజను లోపల ఒకదాన్నొకటి కొట్టుకుంటయమ్మా. మీద తిరిగేది, కింద తిరిగేది, డీజిల్ పంపు, మూడిటికి లెక్క గలిపేది గిదే. బండికి పానం అనుకోరాదు.”

పానం. ఆ మాట విమలమ్మ కడుపులోకి దిగి కూర్చుంది.

పళ్లున్న మూడు చక్రాల మీద అతను అప్పటికే తెల్లరంగుతో గీతలు పెట్టుకున్నాడు. కొత్త బెల్టును అట్టపెట్టెలోంచి పసిపిల్లను తీసినట్టు రెండు చేతులా, మడత పడనియ్యకుండా తీశాడు. ముందు కింది చక్రం మీద ఎక్కించి, అక్కడ వదులు రాకుండా బొటనవేలితో నొక్కిపట్టి, మీది చక్రం దాకా తెచ్చాడు. పక్కన బెల్టును బిర్రుగా బిగించే చిన్న చక్రం ఒకటుంది. దాన్ని నెట్టి, బోల్టు బిగించి, పానా పెట్టి ఇంజన్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పాడు. తెల్లగీతలు తిరిగి తిరిగి వచ్చి మళ్లీ తమ గుర్తుల ఎదుటే నిలబడ్డాయి. అప్పుడు బెల్టు పొడుగ్గా సాగిన చోట బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెలిపెట్టాడు. అది పావు మెలిక తిరిగి ఆగింది.

“ఇటు రా అమ్మా. నువ్వు చూడు. అప్పుడన్న నీ మనసు నిమ్మళమైతది.”

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, భయం భయంగానే పట్టుకుంది. పావు మెలిక దాకా మెత్తగా వచ్చి, తర్వాత ఇక రానని మొండికేసింది.

“తిరుగుతున్నది గద! ఇంకింత బిర్రు చెయ్యరాదు?”

“అందరు గట్లనే అనుకుంటరు. ఎక్కువ బిర్రు చేస్తే బేరింగు ఏడుస్తది. కూఁ అని ఒకటే సప్పుడు. కొన్నొద్దులకు అదే పట్టుకపోతది. దీనికి జర ఆడనియ్యాలె అమ్మా.”

విమలమ్మకు నమ్మకం కుదరలేదు. ఆడనిస్తే ఏదైనా చేజారుతుందనే ఆమెకు తెలుసు.

“బెల్టు మీది మూతకంత మట్టి కొట్టుకున్నది. డీజిల్‌తోని కడిగి తెస్త. దాంట్ల చెయ్యి పెట్టకున్రి,” అని ప్రేమ్‌సింగ్ షెడ్డు వెనక్కి పోయాడు. నరేందర్ నీళ్ల డబ్బా పట్టుకుని బోరింగు కాడికి వెళ్లాడు.

విమలమ్మ అటూ ఇటూ చూసింది. నడుముకు చెక్కిన బొడ్లసంచి విప్పి, నల్లదారానికి కట్టిన రాగి తాయెత్తు బయటికి తీసింది. నస్రుల్లాబాద్ దిక్కు రెండు బస్సులు మారిపోయి, దర్గాలో మూడు గురువారాలు మొక్కి తెచ్చుకున్న తాయెత్తు. ఒకసారి అద్దానికి కట్టింది. కారెక్కినవాళ్లు నవ్వారని నరేందర్ విప్పి ముందరి డబ్బాలో పడేశాడు. దాన్ని ఆమె మళ్లీ తెచ్చి దాచుకుంది. ఇప్పుడు వాడికి కనబడని చోటు, వాడి చెయ్యి పోని చోటు ఎదురుగా తెరిచి ఉంది. బండికి పానం ఉన్న చోటే.

చిన్నచక్రం వెనకాల ఒక బోల్టు తల దొరికింది. దారాన్ని దానికి రెండు చుట్లు చుట్టి మూడు ముళ్లు వేసింది. రాగి గొట్టాన్ని రేకు వెనక్కి దోపింది. వేళ్లకంటిన నలుపును కొంగు లోపలి వైపు తుడుచుకుని, సద్దిగిన్నె పట్టుకుని ముందెక్కడ నిలబడిందో అక్కడే నిలబడింది.

ప్రేమ్‌సింగ్ మూత తెచ్చాడు. “చెయ్యి పెట్టలేదు గద అమ్మా?”

“నాకేం పని బిడ్డా దాంట్ల!”

పెద్దమనిషి మాట. అతను మళ్లీ దీపం పెట్టి చూడలేదు. మూత బిగించాడు, చక్రం ఎక్కించాడు, ఇంజన్ స్టార్టు చేసి తల వాల్చి కాసేపు విన్నాడు.

“ఇగ చానొద్దుల దాక నీ కొడుకును మర్సిపోవచ్చు అమ్మా,” అని నవ్వాడు.

ఆ మరునాడు పేపరు వస్తే విమలమ్మ జిల్లా పేజీ తియ్యలేదు. ముందు పొయ్యి అంటించింది.

*

శనివారం ఎనిమిదింటికి కారు బయలుదేరింది. ముందు సీట్లో మానస, వెనక ఆమె స్నేహితురాళ్లు ఇద్దరు. బాలయ్య భార్య ఉమాదేవి బిడ్డ నోట్లో పెరుగు చక్కెర పెట్టింది. బాలయ్య గేటు దాకా వచ్చి, “ఉరికియ్యకు, ఆలస్యం చెయ్యకు” అని నరేందర్‌కు రెండు మాటలూ ఒక్కసారే చెప్పాడు. విమలమ్మ మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండగలిగినందుకు ఆమెకే వింతగా అనిపించింది.

పదిన్నరకు బాలయ్య ఇంటి నుంచి పిలుపు వచ్చింది. “కారు అడివిల ఆగిందట” అన్న మాట వరకే ఆమె చెవిన పడింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎండకు కాలిన రోడ్డు మీద ఉత్త కాళ్లతో ఉరికింది. ఉరుకుతూనే రేపటి పేపర్లో వచ్చే వార్త మొత్తం ఆమె కళ్ల ముందు అచ్చయింది. లింగంపేట దాటాక, తెల్ల కారు, ఇరవై నాలుగేళ్లు.

“బతికే ఉన్నడు విమలా, ఎందుకట్ల ఏడుస్తవు?” అంది ఉమాదేవి వాకిట్లోనే. ఆమె గొంతులో జాలి లేదు. “వాని పానానికేం గాలే. నా పిల్ల పరీక్ష పోయింది.”

పిల్లలూ నరేందరూ మూడింటి బస్సుకు తిరిగి వచ్చారు. అడవిలో ఫోను పనిచెయ్యలేదు. వచ్చే ప్రతి బండికీ నరేందర్ అడ్డం నిలబడ్డాడు. నిండిన బండ్లే అన్నీ. చివరికి కట్టెల లోడు దించి వస్తున్న జీపు ఒకటి ఎక్కించుకుంది. కామారెడ్డిలో గేటు కాడికి చేరేసరికి తొమ్మిది నిమిషాలు దాటింది. లోపలున్నాయన గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడట. మానస అతని కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడట.

మానస వరండా మెట్టు మీద కూర్చుంది. హాల్‌టికెట్టును నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడిచింది. ఏడుపు ఎక్కడో దారిలోనే అయిపోయినట్టుంది.

విమలమ్మ కొడుకు పక్కకు చేరి, ఎవరూ చూడకుండా వాడి మోచెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. అడవిలో ఆగినా బండి బోల్తా పడలేదు, చెట్టుకు గుద్దలేదు. కట్టినందుకు ఫలితం దక్కిందని మనసులోనే దర్గా దిక్కు దండం పెట్టుకుంది.

“బండిని ఉరికిచ్చినవార?” బాలయ్య గొంతు చిన్నగా ఉంది. ఆయన గొంతు చిన్నదైతేనే అందరూ భయపడతారు.

“లేదు పెద్దబాపు. అరవై మీదికి పోలే. టప్పుమన్నది, ఆగింది. మళ్ల తిప్పితే లోపల ఇనుము కొట్టుకున్న సప్పుడు. బెల్టే పోయినట్టున్నది.”

“కొత్త బెల్టు రెండొద్దులకే పోతదార? ఎవనిదో ఒకని తప్పు లేకుంట?” ఆయన చూపు నరేందర్ మీద ఆగింది. నరేందర్ తల వంచుకున్నాడు.

విమలమ్మ ఆ వంచిన మెడ వైపే చూసింది. తప్పు మేస్త్రిది కాకపోతే డ్రైవర్‌దే. కారు పోతే వాడు హైదరాబాద్ పోతానంటాడు, అక్కడ రోడ్లు...

“విమలా, నువ్వు ఆడ్నే ఉన్నవట గద ఆనాడు. సరిగ బిగించిండా వాడు?”

“ఏమో బావా...” అంది ఆమె. “వేలితోని మెలేస్తే తిరిగింది బెల్టు. నేనే చూసిన. ఇంకింత బిర్రు చెయ్యి బిడ్డా అని చెప్పిన గూడ. ఆడనియ్యాలె అన్నడు.”

అందులో ఒక్క అబద్ధం లేదు. అందుకే ఆ మాట సూటిగా పోయి తగలాల్సిన చోట తగిలింది.

“చెప్పినంక గూడ చెయ్యలే అన్నమాట,” అన్నాడు బాలయ్య.

*

ఆదివారం పొద్దున ట్రాక్టరుకు కట్టి కారును షెడ్డుకు లాక్కొచ్చారు. బాలయ్య కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు పది మంది ఆగారు. విమలమ్మ, ఉమాదేవి రోడ్డుకు ఇవతల వేపచెట్టు నీడలో నిలబడ్డారు.

ప్రేమ్‌సింగ్ మొన్నటి చక్రాన్నే మళ్లీ ఊడదీసి, మొన్నటి గోడకే ఆనించాడు. మూత బోల్టులు విప్పి ఒక్కొక్కటీ డబ్బా మూతలో పెట్టుకున్నాడు. నరేందర్ పక్కన వంగి దీపం పట్టాడు. ప్రేమ్‌సింగ్ చెయ్యి లోపలికి పోయింది, ఒకచోట ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. నరేందర్ ఇంకా కిందికి వంగాడు. రోడ్డు ఇవతల నుంచి చూస్తే రెండు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ వీపుల మధ్య ఏదో మాట నడిచినట్టుంది. నరేందర్ చెయ్యి ప్యాంటు జేబులోకి పోయి వచ్చింది.

ప్రేమ్‌సింగ్ లేచి నిలబడ్డాడు. “బెల్టు లూజు గాలే పటేలా. లోపల ఏందో అడ్డం వడ్డది.”

“ఏం వడ్డది? చూపియ్ మరి.”

ప్రేమ్‌సింగ్ నరేందర్ వైపు చూశాడు. నరేందర్ గోడకున్న చక్రం వైపు చూశాడు.

“నువ్వు దీపం వట్టినవు గదరా. కనవడ్డదా ఏమన్న?” అని సొంత కొడుకును అడిగినట్టే అడిగాడు బాలయ్య.

“ఏం లేదు పెద్దబాపు.”

ఎవరో నవ్వారు. “చేసింది చెడిపాయె, ఇగ దయ్యం జొచ్చింది అంటడేమో” అన్నాడు ఇంకొకడు. ప్రేమ్‌సింగ్ మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరిచాడు. తెరిచి, రోడ్డు ఇవతలికి చూశాడు, సరిగ్గా విమలమ్మ నిలబడ్డ చోటికి. ఆ చూపులో కోపం ఉంటే ఆమెకు తెలిసేది. కోపం లేదు. తల తిప్పుకుని డబ్బా మూతలోని బోల్టులను వేలితో అటూ ఇటూ జరిపాడు.

“రేపు సాయంత్రానికి జాగ ఖాళీ గావాలె,” అన్నాడు బాలయ్య లేస్తూ. “బండిని కామారెడ్డికి తోలిపిస్త. నీ చెయ్యి దాని మీద పడద్దు ఇగ.”

“పదేండ్లాయె పటేలా నేనీడ...”

“నా పిల్లకు ఏడాది పోయింది. అదేడికెళ్లి తెస్తవు నువ్వు?”

విమలమ్మ లోలోపల ‘పాపం’ అనుకుంది. అనుకున్న వెంటనే కొడుకు మీద పడాల్సింది పక్కకు పోయిందని గుండె తేలికైంది. ఇంటికి పోయి వాడికి ఇష్టమని కోడిగుడ్డు వండింది. వాడు తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

*

సోమవారం బట్టలు. విమలమ్మ బండ మీద కూర్చుని ఒక్కొక్క జేబూ తిరగేసింది. బీడీలు అలవాటవుతున్నాయేమోనని ఆమె ఎప్పుడూ అంతే, వాసన చూడకుండా చొక్కా నానబెట్టదు. ప్యాంటు జేబులో గుడ్డపీలికలో చుట్టిన గట్టి వస్తువు తగిలింది.

విప్పింది. ముందు అదేమిటో తెలియలేదు. నలిగి రేకైపోయిన రాగిముక్క. దానికి చుట్టుకుని గ్రీసులో ఉండకట్టుకుపోయిన నల్లపోగులు. రాగి మీద వరసగా లోతైన నొక్కులు, సమానమైన ఎడంతో, ఒకటి, రెండు, మూడు, నాలుగు. బెల్టు పళ్ల ఎడం ఆమె వేళ్లకు ఇంకా గుర్తుంది. పోగుల్లో ఒకచోట ముడి చెక్కు చెదరకుండా ఉంది. మూడు ముళ్లు, ఒకదాని మీద ఒకటి. అట్లా ఆమె తప్ప ఎవరూ వెయ్యరు.

బకెట్లో నీళ్లు నిండి పొర్లిపోతున్నాయి. ఆమె లేవలేదు.

నరేందర్ వచ్చి నల్లా కట్టేశాడు. తల్లి చేతిలో ఉన్నది చూశాడు. అక్కడే తడి బండ మీద కూలబడ్డాడు.

“నాకు చెప్పకపోతివి,” అంది.

“చెప్తే బతుకుతవా అమ్మా నువ్వు? చక్రం కనవడితెనే సగం సస్తివి.” అన్నాడు వాడు. “ప్రేమ్‌సింగ్ అన్నే తీసిండు. చూస్తనే నీది అని ఎరికైంది మా ఇద్దరికి. నేనే బతిమాలిన. మా అమ్మకు తెలిస్తే పురుగుల మందు తాగుతది అన్నా, నీ కాళ్లు మొక్కుత అన్న. పెద్దబాపు కోపం రెండొద్దులల్ల దిగుతది అనుకున్నం. జాగ ఖాళీ చెయ్యమంటడని అనుకోలే.”

“అనంగ విన్నవు గద! అప్పుడన్న నోరు తెరవకపోతివి!”

ఇరవై నాలుగేళ్లుగా వాడికి ఏదో అవుతుందని భయపడుతూ వచ్చింది. వాడు ఇట్లా అవుతాడని ఒక్క రోజు కూడా భయపడలేదు.

ఆమె లేచింది. చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటున్నాయి. “అమ్మా, ఏడికి? పెద్దబాపు కారు తీసుకుంటడే!” అని నరేందర్ వెనకాల వచ్చాడు. గడప దాకా వచ్చి ఆగిపోయాడు.

బాలయ్య పేపరు చదువుతున్నాడు. విమలమ్మ రాగిముక్కను పేపరు మీదే పెట్టింది.

“గిది నాది బావా. మూత దీసినప్పుడు లోపల నేనే కట్టిన. చెయ్యి పెట్టలేదు గద అని అడిగితే లేదన్న. ఆయన చేసిన పని మంచిగనే ఉండె. మెలిక గూడ ఆయన చెప్పినంతనే తిరిగింది.”

బాలయ్య దాన్ని వేలితో తిప్పి చూశాడు. నొక్కులు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి. “ఇంకెవ్వలకు చెప్పినవు?” అన్నాడు.

“ఎవ్వలకు చెప్పలే.”

“చెప్పకు మరి. మరదలు దారం కడితే బిడ్డ పరీక్ష పోయిందని ఊరంత నవ్వుతది. జాగ సిమెంటు దుకాణం నర్సింహులుకు మాటిచ్చిన, రేపు సిమెంటు దించుకుంటడు. ఇచ్చిన మాట మర్లెయ్యస్తదా?”

“ఆయనది ఉత్తపుణ్యానికి పోయింది బావా.”

“పోయింది. నా పిల్లది పోలేదా?” పేపరు మడిచి కింద పడేశాడు. “నీ కొడుకుకు చెప్పు. బండి కామారెడ్డి నుంచి వచ్చినంక తాళంచెవి నాకియ్యమను.”

దీనికే ఆమె భయపడింది. వచ్చేసింది. ఇంటి కప్పు కూలలేదు. వంటింట్లో ఉమాదేవి తాలింపు వేస్తున్న చప్పుడు మామూలుగానే వినిపిస్తోంది.

బయటికి వస్తుంటే తలుపు వెనక నుంచి మానస పిలిచింది. రెండు రోజులకే పిల్ల కళ్ల కింద నలుపు దిగింది.

“చిన్నమ్మా, అంత విన్న.”

“తిట్టు బిడ్డా. నాలుగు తిట్టు.”

మానస తిట్టలేదు. “ప్రేమ్‌సింగ్ అన్నకు చెప్పినవా?” అని మాత్రం అడిగింది.

విమలమ్మ షెడ్డుకు పోయేసరికి రేకులు విప్పేసి ఉన్నాయి. నేల మీద ఏళ్ల తరబడి కారిన ఆయిలు మరకలు, వాటి మధ్య నాలుగు కర్రలు పాతిన గుంటలు. రేపు పొద్దుటి బస్సుకు పోతున్నాడని టీకొట్టాయన చెప్పాడు.

*

మంగళవారం బస్టాండులో కామారెడ్డి బస్సు నిలబడి ఉంది. ప్రేమ్‌సింగ్ మెట్టు పక్కన ఒక సంచితో కనిపించాడు. కడిగిన చేతులు. గోళ్ల మొదట్లో మాత్రం నలుపు పోలేదు. అతని పక్కన తల్లి పూలి, తండా నుంచి నడిచి వచ్చినట్టుంది, కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. ఆమె కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఎడమచేత్తో ఎర్రదారం ఒకటి కొడుకు మణికట్టు చుట్టూ తిప్పుతోంది. ముడి దగ్గరికి వచ్చేసరికి జారిపోతోంది.

“యాడీ, ఇడువు. బస్సు కదుల్తది,” అంటున్నాడు ప్రేమ్‌సింగ్ తల్లితో.

పూలి తలెత్తి విమలమ్మను చూసింది. ముఖం విచ్చుకుంది. “మంచిగ కనవడ్డవు విమలమ్మా! కొడవలితోని తెగి వేలు పని చేస్తలేదు. గీ దారం జర కట్టు. పుణె పోతుండట, బిల్డింగు పనికి. అంత మీద ఎక్కుడు... నాకు రాత్రి నుంచి అన్నం పోతలేదు.”

“కామారెడ్డిల ఏ షెడ్డు లేదా బిడ్డా?” అంది విమలమ్మ.

“అడిగిన అమ్మా. బెల్టు తెగిన మేస్త్రి అని నాకంటె ముందే పోయింది పేరు,” అన్నాడతను. నవ్వబోయాడు.

పూలి దారం చాపింది. విమలమ్మ చెయ్యి చాపలేదు.

“నా చేత్తోని కట్టియ్యకు పూలీ. నీ కొడుకు తప్పేం లేదు. ఆయన లేనప్పుడు ఇంజన్ల దారం నేనే కట్టిన. గదే వోయి బెల్టుల వడ్డది. నా కొడుకు దాచిండు. నీ కొడుకు నా కోసం నోరు మూసుకున్నడు. నిన్న మా బావకు చెప్పిన. ఆయన ఇనలే.” అంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. బస్సు కిటికీల్లోంచి రెండు మూడు తలలు ఇటు తిరిగాయి. ఆమె గొంతు తగ్గించలేదు.

పూలి తమ భాషలో కొడుకును ఏదో అడిగింది. అతను తలూపాడు. పూలి విమలమ్మను చూసింది. తిడుతుందనుకుంది విమలమ్మ. కొడుతుందనుకుంది. ఆ రెండింటిలో ఏదైనా సరే రావాలని ఎదురు చూసింది.

కండక్టరు విజిల్ వేశాడు.

పూలి కొడుకు మణికట్టు పట్టుకుని ముందుకు చాపింది. “కట్టు. బస్సు పోతది.”

విమలమ్మ దారం అందుకుంది. రెండు చుట్లు చుట్టి, గట్టిగా లాగి, ఒకటి, రెండు, మూడు. ప్రేమ్‌సింగ్ అలవాటు కొద్దీ ఆ దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెలిపెట్టాడు. అది తిరగలేదు. చర్మం కూడా దానితో పాటే లేచి ముడతపడింది.

“ఇంత బిర్రు వద్దమ్మా,” అన్నాడు మెల్లగా. “జర ఆడనియ్యి.”

ఆమె గోళ్లతో ఆ మూడు ముళ్లూ ఒక్కొక్కటే విప్పింది. కండక్టరు ఏదో అరిచాడు. పూలి ఎవరికీ దారి ఇవ్వకుండా మెట్టుకు అడ్డం నిలబడింది. విమలమ్మ మళ్లీ కట్టింది, ఈసారి ఒక్కటే ముడి. తనే రెండు వేళ్లతో పట్టి చూసింది. మెత్తగా పావు మెలిక తిరిగి ఆగింది.

“సరిపోయిందా బిడ్డా?”

“సరిపోయిందమ్మా.”

బస్సు కదిలింది. అతని చెయ్యి కిటికీ చువ్వల మధ్య కాసేపు కనిపించింది. మలుపు తిరిగాక దుమ్ము మిగిలింది.

పూలి బస్టాండు సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఎటో చూస్తూ, “కామారెడ్డికి ఎన్ని గంటలకు చేరుతది?” అని అడిగింది.

“తొమ్మిదిన్నరకు.” ఆ దారిలో ఏ బండి ఎన్నింటికి ఎక్కడుంటుందో విమలమ్మకు తెలియనిది లేదు.

“నువ్వు ఇంటికి పోవా?”

“తొమ్మిదిన్నర దాక ఉంట,” అని విమలమ్మ బల్ల చివర కూర్చుంది.

పూలి జరిగి చోటివ్వలేదు. లేచి పోనూ లేదు.